కాకినాడ ఆ చివర నుంచి ఈ చివరికి: సైకిల్ మీద ఆఫీసుకి దారి ఎంచుకోవడం ఎలా

మా ఇల్లు జగన్నాథపురంలో. ఉద్యోగం సర్పవరం జంక్షన్ అవతల. మధ్యలో కాకినాడ ఊరంతా ఉంది. సైకిల్ మీద వెళ్దామని ముచ్చటపడిన రోజు నేనూ అందరూ చేసే పనే చేశాను. ఫోన్లో మ్యాప్ తెరిచి, ఏ దారి దగ్గరో చూసుకుని, పొద్దున్న తొమ్మిదింటికి వంతెన ఎక్కి దిగి మెయిన్ రోడ్డున పడ్డాను. ఎడమ పక్క షేర్ ఆటో, కుడి పక్క ఆర్టీసీ బస్సు, ముందర అరటిపళ్ళ తోపుడుబండి. ఆఫీసుకి చేరేసరికి చొక్కా తడిసిన సంగతి సరే, చేతులు వణుకుతున్నాయి. మర్నాడు మళ్ళీ మోటార్ సైకిలే తీశాను. మూడు వారాలు సైకిల్ వంక చూడలేదు.

దారిలో పెట్టింది పంక్చర్లు వేసే పెద్దాయన. బ్రేకు రబ్బర్లు మార్పించడానికి వెళ్ళినప్పుడు నా గోడంతా విని, "వీధులకేవండీ, బోలెడున్నాయి. దాటే చోట్లే తక్కువ. ముందు అవి చూసుకోండి" అన్నాడు. ఆ ఒక్క మాట మీదే ఇదంతా రాస్తున్నాను. మీది కాకినాడ కాకుండా రాజమండ్రి, భీమవరం, ఏలూరు అయినా ఇదే వరస పనికొస్తుంది. మన డెల్టా ఊళ్ళన్నీ కాలవలూ పట్టాలూ కోసిన ముక్కలే కదా.

ముందు దాటే చోట్లు రాసుకోండి

ఒక కాగితం తీసుకోండి. కింద మీ ఇల్లు, పైన మీ ఆఫీసు పెట్టండి. రెండింటి మధ్యా అడ్డంగా ఏమేం ఉన్నాయో గీతలు గీయండి. నాకైతే మొదట ఉప్పుటేరు. తర్వాత సామర్లకోట నుంచి వచ్చి టౌన్ స్టేషన్ మీదుగా పోర్టు దాకా పోయే రైలు మార్గం. ఆ తర్వాత భానుగుడి సెంటర్ లాంటి పెద్ద కూడళ్ళు. తూరంగి వైపు నుంచి వచ్చేవాళ్ళకి 216 జాతీయ రహదారి కూడా ఉంటుంది. ఇంద్రపాలెం వైపు వాళ్ళకి కాలవ తప్పదు.

ఇప్పుడు ఒక్కో గీతనీ ఎన్ని చోట్ల దాటొచ్చో చుక్కలు పెట్టండి. వీధులు వందల్లో ఉన్నా ఈ చుక్కలు రెండో మూడో తేలతాయి. ఊళ్ళో బళ్ళన్నీ వచ్చి ఇరుక్కునేది అక్కడే. కాబట్టి మీ దారి మంచిదో కాదో తేల్చేది కూడా ఆ చుక్కలే. మంచి చుక్కలు దొరికితే వాటి మధ్య వీధులు ఎలాగైనా కలుపుకోవచ్చు. మంచి వీధి దొరికిందని మురిసిపోయి చివర్న చెడ్డ చుక్క దగ్గర తేలితే మాత్రం రోజూ నరకమే.

మ్యాప్‌లో మోటారు బండి దారి అడగకండి, నడక దారి అడగండి. సందులూ అడ్డదారులూ అప్పుడే బయటపడతాయి. కాలిబాట వంతెనలు కొన్ని మ్యాప్‌లో ఉండవు, వాటి సంగతి పాలు పోసేవాళ్ళనీ పేపర్ వేసే కుర్రాళ్ళనీ అడగాలి.

చుక్కలు పెట్టాక ఒక్కోదాని దగ్గరా వెళ్ళి నిలబడండి, అదీ మీరు రోజూ దాటబోయే వేళకి. పది నిమిషాలు చాలు. టీ తాగుతూ చూడండి. ఏం చూడాలంటే:

వంతెన దిగుడులో బళ్ళు ఎంత వేగంగా దిగుతున్నాయి? ఎక్కేటప్పుడు సైకిల్ నెమ్మదిస్తుంది, వెనక వచ్చేవాడికి అది ముందే తెలియదు. ఎక్కుడులో మీకు కనీసం ఒక మనిషి వెడల్పు జాగా మిగలని వంతెన అయితే, దిగి నడిపించుకుంటూ పొండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. జగన్నాథపురం వంతెన మీద రద్దీ వేళల్లో నేను ఇప్పటికీ దిగే నడుస్తాను. రెండు నిమిషాలు పోతాయి, అంతే.

షేర్ ఆటోలు ఎక్కడ ఆగుతున్నాయి? వంతెన దిగగానే ఆటో స్టాండు ఉందంటే అది సైకిల్‌కి అన్నిటికన్నా గడ్డు చోటు. ఆటో చెయ్యి చూపించదు, ఎవరైనా చెయ్యెత్తితే చాలు, ఎడమకి కోసేస్తుంది. వాళ్ళని తిట్టి లాభం లేదు, వాళ్ళ బతుకు ఆ ఎడమ అంచు మీదే ఉంది. అలాంటి చోట మీరు ఆటోకి ఎడమ పక్కన ఎప్పుడూ దూరకండి.

కూడలి అయితే, మీరు వెళ్ళాల్సిన వైపు బళ్ళు మీకు అడ్డంగా ఎడమకి తిరుగుతున్నాయా చూడండి. సైకిల్ మీద నేరుగా పోయేవాణ్ణి ఎక్కువగా తగిలేది అలా తిరిగే బండే. పక్కన లారీ గానీ బస్సు గానీ ఆగి ఉంటే, దాని ముందు ఎడమ మూలకి వెళ్ళి నిలబడకండి. దాని అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనబడట్లేదంటే మీరూ అతనికి కనబడట్లేదు. వెనకే ఆగండి.

పట్టాల సంగతి విడిగా

రైలు గేటు దగ్గర రెండు ప్రమాదాలు. ఒకటి గేటు ఎత్తగానే రెండు వైపుల నుంచీ మోటార్ సైకిళ్ళు ఒకేసారి మీదకి రావడం. అవి పోయేదాకా ఓ నిమిషం ఆగితే చాలు. రెండోది పట్టాలే. రోడ్డుకి పట్టా అడ్డంగా, లంబకోణంలో ఉంటే ఏమీ కాదు. ఏటవాలుగా ఉంటే, పట్టాకీ రోడ్డుకీ మధ్య సందులో ముందు చక్రం దిగిందంటే హ్యాండిల్ మీ చేతిలో ఉండదు. వాన పడిన ఇనుము ఇంకా జారుడు. పోర్టు వైపు గోదాముల్లోకి వెళ్ళే పట్టాలు కొన్ని రోడ్డుని ఏటవాలుగానే కోస్తాయి. వెనక ఎవరూ లేరని చూసుకుని, కాస్త కుడికి జరిగి, పట్టాని సూటిగా అడ్డంగా దాటేలా చక్రం తిప్పుకోండి. అంత జాగా లేకపోతే దిగండి. ఆ పట్టాల మీద రైలు తిరిగి ఎన్నేళ్ళైనా సరే, పట్టా పట్టాయే.

గేటు మీదుగా పైవంతెన కట్టి ఉంటే, దాని కింద పాత దారి ఇంకా తెరిచి ఉందేమో చూడండి. పైవంతెన మీద ఎక్కుడు ఎక్కువ, పక్కకి తప్పుకునే చోటు తక్కువ, దిగేటప్పుడు అందరికీ తొందర ఎక్కువ.

ఇక వీధులు

కాకినాడలో సైకిల్ తొక్కేవాడికి ఒక అదృష్టం ఉంది. వీధులు గీత గీసినట్టు తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి పోతాయి. మెయిన్ రోడ్డులో ఇరుక్కోవాల్సిన పని లేదు, రెండు వీధులు పక్కకి జరిగితే అదే దిక్కుకి పోయే దారి ఉంటుంది. రామారావుపేట, గాంధీనగర్ వీధుల్లో పొద్దున్న వెళ్ళి చూడండి, చెట్ల నీడ, ముగ్గులు, పాల ప్యాకెట్ల ట్రేలు. అదే సమయంలో వంద గజాల అవతల హారన్లు.

అయితే మరీ చిన్న వీధీ మంచిది కాదు. ప్రతి ఇరవై గజాలకీ ఒక అడ్డవీధి వచ్చి కలుస్తుంటే, ప్రతి మూల దగ్గరా బ్రేకు వేయాలి. ఇంటి గేట్లోంచి వెనక్కి వచ్చే కారు, బంతి వెనక పరిగెత్తే పిల్లాడు, నిద్ర లేచిన కుక్క, ఇవన్నీ ఉంటాయి. నేను చూసుకునేది ఇది: రెండు బళ్ళు ఎదురూ బొదురూ తప్పుకోగలిగినంత వెడల్పు ఉండాలి, బస్సు పట్టనంత ఇరుకు ఉండాలి. బస్సు తిరగని వీధిలో పెద్ద లారీ కూడా సాధారణంగా రాదు.

కారులు ఆగి ఉన్న వీధిలో వాటికి ఆనుకుని పోకండి. ఓ మీటరు ఎడం ఉంచండి. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో ఎవరూ చెప్పరు. వెనక వాడు హారన్ కొడితే కొట్టనీండి.

దారి మొత్తం మీద కుడి మలుపులు లెక్కపెట్టండి. మనం ఎడమ పక్క నడిచే దేశంలో ఉన్నాం కాబట్టి ఎడమ మలుపు ఉచితం. కుడి మలుపుకే ఎదురొచ్చే బళ్ళన్నిటినీ దాటాలి. రెండు దారుల మధ్య తేల్చుకోలేకపోతే కుడి మలుపులు తక్కువున్నది తీసుకోండి. పెద్ద కూడలిలో కుడికి తప్పదంటే నడిరోడ్డు మీదకి పోకుండా, నేరుగా అవతలికి దాటి ఎడమ మూలలో ఆగి, సైకిల్ ముందు చక్రం తిప్పుకుని, ఆ వైపు బళ్ళతో కలిసి మళ్ళీ నేరుగా పొండి. ఒక కుడి మలుపు రెండు నేరు దాటులుగా మారిపోతుంది. భానుగుడి దగ్గర నేను చేసేది అదే. ట్రాఫిక్ పోలీసాయన మొదట్లో వింతగా చూసేవాడు, ఇప్పుడు తల ఊపుతాడు.

దూరం పెరుగుతుందని భయపడకండి. ఊళ్ళో తీరిగ్గా తొక్కినా గంటకి 15 కిలోమీటర్లు పోతాం. అంటే కిలోమీటరుకి నాలుగు నిమిషాలు. నా మంచి దారి దగ్గర దారి కన్నా కిలోమీటరు పైచిలుకు ఎక్కువ. కానీ దగ్గర దారిలో ఒక్క కూడలి దగ్గరే నాలుగైదు నిమిషాలు నిలబడేవాణ్ణి. గడియారం లెక్కన రెండూ ఒకటే అయ్యాయి. చేతులు వణకడం మటుకు పోయింది.

తొక్కి చూడండి, రెండుసార్లు

మొదటిసారి ఆదివారం పొద్దున్న. అది దారి గుర్తుపట్టడానికే. గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, మూత లేని డ్రైన్లు, పంక్చర్ షాపులు ఎక్కడున్నాయో చూసుకోండి. ఆదివారం బాగుందని అదే దారి ఖాయం చేసేయకండి. ఆదివారం ఏ రోడ్డైనా బాగానే ఉంటుంది.

రెండోసారి మంగళవారమో బుధవారమో, అసలు వేళకి. ఆఫీసుకి సెలవు పెట్టక్కర్లేదు, అరగంట ముందు బయల్దేరండి. ఇంటికొచ్చాక ఒక పని చేయండి: ఎక్కడెక్కడ గుండె గుభేలుమందో కాగితం మీద గుర్తు పెట్టండి. ఆ గుర్తులు మూడు దాటితే ఆ దారి వద్దు. ఒకటో రెండో ఉంటే ఆ ముక్క మాత్రం పక్క వీధిలోకి మార్చి మళ్ళీ చూడండి. నాకు నాలుగో ప్రయత్నంలో కుదిరింది.

వేళ మార్చడం కూడా దారి మార్చడమే. స్కూలు గేటు ముందు ఎనిమిదిన్నరకి రిక్షాలు, ఆటోలు, పసుపు బస్సులు. తొమ్మిదిన్నరకి అదే గేటు ముందు పిట్ట కూడా ఉండదు. పావుగంట అటూ ఇటూ జరగడానికి మీ ఆఫీసు ఒప్పుకుంటుందేమో అడగండి. మార్కెట్ వీధులకీ గుడి వీధులకీ వారం లెక్క ఉంటుంది, అది మీ వీధి వాళ్ళకే బాగా తెలుసు.

వెళ్ళేదారే వచ్చేదారి కానక్కర్లేదు

ఇది నాకు మా మేనకోడలు నేర్పింది. జేఎన్‌టీయూలో చదువుతోంది, సైకిల్ మీదే వెళ్తుంది. నా దారి గొప్పగా చూపిస్తే, "మావయ్యా, ఖాళీ రోడ్డంటే నీకు మంచి రోడ్డు. రాత్రి ఏడింటికి నాకు కాదు" అంది. నిజమే. పొద్దున్న ప్రశాంతంగా ఉన్న వీధి చీకటి పడ్డాక దీపాలు లేక, మనుషులు లేక, కుక్కల రాజ్యం అయిపోతుంది. తను వచ్చేటప్పుడు కొట్లు తెరిచి ఉండే వీధిలోంచి వస్తుంది, రద్దీ కాస్త ఎక్కువైనా సరే. పంక్చరైతే ఆగి ఫోన్ చేయడానికి వెలుతురున్న కిరాణా కొట్టు ఉండాలట. చున్నీ గొలుసులో పడకుండా చైన్ కవర్ వేయించుకుంది, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పెట్టించుకుంది. లైటు రోడ్డు చూడటానికని అనుకుంటాం, ఊళ్ళో దాని అసలు పని మనల్ని చూపించడం.

ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. వాకలపూడి వైపు, అంటే సముద్రం వైపు, పొద్దున్నే వెళ్ళేవాళ్ళకి సూర్యుడు ఎదురుగా ఉంటాడు. మీ కళ్ళ సంగతి తర్వాత, మీ వెనక వచ్చే లారీ డ్రైవర్ కళ్ళలోనూ అదే ఎండ పడుతుంది. ఆ వైపు నూనె శుద్ధి కర్మాగారాల ట్యాంకర్లు, పోర్టు లారీలు. ఆ రోడ్డులో పక్క బాట దొరికినంత మేరా పక్క బాటే. దొరకని ముక్కలో మటుకు షిఫ్టు మారే వేళ తప్పించండి.

గాలి మాట. కాకినాడలో ఎండ ఎక్కాక సముద్రం మీద నుంచి గాలి తోలుతుంది. సాయంత్రం తూర్పుకి తొక్కితే అది ఎదురుగాలి, నాలుగు కిలోమీటర్లు ఆరు కిలోమీటర్లలా అనిపిస్తాయి. మే నెలలో పడమటి వడగాలి వీచిన రోజున మాత్రం ఏ దారీ మంచిది కాదు, పదింటి లోపే చేరిపోవాలి. ఇళ్ళ మధ్య వీధి గాలిని ఆపుతుంది, బీచ్ రోడ్డు ఆపదు. బీచ్ రోడ్డు ఆదివారం సరదాకి బాగుంటుంది.

వాన దారి వేరే పెట్టుకోండి

మన నేల బల్లపరుపు. వాన నీళ్ళకి పోవడానికి వాలు లేదు. పైగా కాకినాడ మురుగు చివరికి ఉప్పుటేట్లోకీ సముద్రంలోకీ పోవాలి. పోటు వేళ సముద్రం నీళ్ళని తీసుకోదు, అమావాస్యకీ పున్నానికీ పోటు ఇంకా ఎక్కువ. ఆ వేళకి గట్టి వాన కలిసిందంటే కొన్ని వీధుల్లో నీళ్ళు ఆటు వచ్చేదాకా కదలవు. ఏ వీధిలో నీళ్ళు నిలుస్తాయో కనుక్కోవడానికి ఇళ్ళ గోడలు చూడండి. మోకాలి ఎత్తున మరక గీత ఉంటే అదే సమాధానం. ఇళ్ళ గడపలు రోడ్డుకన్నా మూడు మెట్లు ఎత్తులో ఉన్న వీధి కూడా అదే చెబుతుంది.

ఆ వీధులు తప్పించి రెండో దారి ఒకటి ఖాయం చేసుకోండి. పెద్ద రోడ్డైనా సరే. తప్పనిసరై నీళ్ళలోకి దిగితే రోడ్డు మధ్యగా పొండి, అంచున డ్రైన్ ఉంటుంది, దాని మూత ఉందో లేదో నీళ్ళు చెప్పవు. అడుగు కనబడకపోతే దిగి నడవండి. తడిసిన బ్రేకు మామూలు బ్రేకు కాదు, ముందునుంచే నొక్కడం మొదలుపెట్టాలి. తుపాను హెచ్చరిక ఉన్న రోజు సైకిల్ ఇంట్లో ఉంచండి.

కాలవ గట్టు మీద వచ్చేవాళ్ళకి

కరప, తాళ్ళరేవు వైపు ఊళ్ళ నుంచి సైకిల్ మీద పట్నం వచ్చేవాళ్ళు ఇప్పటికీ చాలామంది. వాళ్ళకి హైవే కన్నా గట్టు దారే హాయి. లారీ ఉండదు, కొబ్బరి చెట్ల నీడ ఉంటుంది. అయినా గట్టు దారికి కొన్ని షరతులున్నాయి.

మట్టి గట్టు అయితే వాన పడిన రోజు వద్దు. నల్లరేగడి మడ్‌గార్డుకీ చక్రానికీ మధ్య పట్టి సైకిల్‌ని ఆపేస్తుంది, భుజాన మోసుకోవాలి. గట్టు పక్కన సర్కారు తుమ్మ ఉంటే పంక్చర్ తప్పదు, కొట్టేసిన కొమ్మలు దారి మీదే పడేస్తారు. కాలవకి రక్షణ గోడ ఉండదు కాబట్టి చీకటి పడ్డాక గట్టు దిగి రోడ్డెక్కడమే మేలు. వేసవిలో కాలవలు కట్టేశాక మరమ్మతుల టిప్పర్లు తిరుగుతాయి, గట్టు గుల్ల అవుతుంది. జూన్‌లో నీళ్ళు వదిలాక ఒకసారి పగటిపూట చూసి గానీ మళ్ళీ మొదలుపెట్టకండి.

తారు రోడ్డు మీద ఇంకో సంగతి. సార్వా కోతలప్పుడు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా కోతలప్పుడు ఏప్రిల్‌లో రోడ్డు సగం ధాన్యం కళ్ళమే. రైతుని అనలేం, ఆరబెట్టుకోవడానికి వేరే చోటు లేదు. కానీ పొద్దున్న బంగారంలా మెరిసే ధాన్యం మీద సైకిల్ చక్రం ఇసుక మీదలా జారుతుంది. రాత్రి బరకం కప్పి చుట్టూ రాళ్ళు పెడతారు, చీకట్లో ఆ రాయి కనబడదు. ఆ రెండు కోతలప్పుడూ ధాన్యం పోయని పక్క ఊరి రోడ్డు మీదుగా తిరిగి రండి. చెరువుల నుంచి రొయ్యలు తెచ్చే వ్యాన్లు ఐసు నీళ్ళు కారుస్తూ పోతాయి, ఆ తడి గీత మీద మలుపు తిరగకండి.

చేరాక

దారి ఆఫీసు గేటుతో అయిపోదు. సైకిల్ ఎక్కడ పెడతారో ముందే కనుక్కోండి. నేను మొదట పనిచేసిన చోట సెక్యూరిటీ వాళ్ళు కారుకి సెల్యూట్ కొట్టి సైకిల్‌ని గోడ బయట పెట్టమనేవారు. రెండు వారాలకి సీటు పోయింది, సీటు ఒక్కటే. నీడున్న చోటు అడగండి, స్తంభానికి కట్టే తాళం కొనుక్కోండి, ఒక చొక్కా బల్ల సొరుగులో ఉంచుకోండి. సముద్రపు గాలికి గొలుసు వారంలో ఎర్రబడుతుంది. వారానికోసారి పాత గుడ్డతో తుడిచి రెండు చుక్కల నూనె వేయండి, ఎక్కువైతే ఇసుక పడుతుంది.

కుదిరిన దారి కూడా ఏడాది పొడుగునా నిలవదు. ఎక్కడో పైపు తవ్వుతారు, ఎక్కడో కొత్త స్కూలు తెరుస్తారు, ఒక వీధిని వన్‌వే చేస్తారు. అందుకే ఆ మొదటి కాగితం పారేయకండి. నాది బీరువా తలుపు లోపల అంటించి ఉంది. పోయిన వారం నా వీధిలో డ్రైన్ కోసం తవ్వారు, దాటే చుక్కలు అలాగే ఉంచుకుని మధ్య ముక్కని ఒక వీధి పడమరకి జరిపాను. కొత్త వీధిలో ఇడ్లీ బండి ఒకటుంది. ఆరు నిమిషాలు ఎక్కువ పడుతోంది, అందులో ఐదు ఆ బండి దగ్గరే.